నోటి మాటకు మస్టర్ పడాలి

అప్పు అంటే మూడు పనులు. ఒకరు ఇవ్వాలి, ఒకరు తీసుకోవాలి, తీసుకున్నవాడు తిరిగి కట్టాలి. మన గోదావరిఖనిలోనైనా, చుట్టుపక్కల పల్లెల్లోనైనా ఈ మూడింటిలో కాగితం మీదికి ఎక్కేది ఒక్క తీసుకోవడమే. వడ్డీ ముందే పట్టుకుని నిజంగా చేతిలో ఎంత పెట్టారన్నది నోటి మాట. తర్వాత ఎన్ని విడతలు కట్టారు, ఎవరి చేతికి కట్టారు అన్నదీ నోటి మాటే. కాగితం మాత్రం ఇచ్చినవాడి బీరువాలో భద్రంగా ఉంటుంది. తగాదా ముదిరి కోర్టు మెట్లు ఎక్కితే ఒకవైపు ఆ కాగితం, ఇంకోవైపు మనవాడి జ్ఞాపకం నిలబడతాయి.

"నోటి మాట కోర్టుల చెల్లదు పిల్లగా" అని మన పెద్దలు అంటుంటారు. ఆ మాట నమ్మి ఎంతోమంది తమకున్న హక్కును కూడా వదులుకుంటున్నారు. నిజానికి చట్టం నోటి మాటను కాదనలేదు. దాన్ని రుజువు చేసే పద్ధతి ఒకటి పెట్టింది. ఆ పద్ధతి పైసలు ఇచ్చేవాళ్ళకు తెలుసు, తీసుకునే వాళ్ళకు తెలియదు. మిత్రులారా, మన ప్రాంతంలో అప్పుల కష్టంలో సగం ఈ తెలియకపోవడంలోనే ఉందని నా అభిప్రాయం.

బి.ఎస్సీ. చదివేవాడికి చట్టంతో పనేమిటని అధ్యాపకులు నవ్వుకోవచ్చు. కానీ ప్రయోగశాలలో మాకు మొదట నేర్పిన పాఠం ఇదే గదా! బ్యూరెట్ రీడింగు కంటితో చూసినప్పుడే రాయాలి. ఇంటికి పోయి గుర్తు తెచ్చుకుని రాస్తే రికార్డు మీద సంతకం పడదు. బొగ్గుబాయి కార్మికుల ఇళ్ళల్లో పుట్టిన మిత్రులకు ఈ సంగతి ఇంకా బాగా తెలుసు. మస్టర్ పడకపోతే బాయిల దిగినా దిగనట్టే, చెమటోడ్చినా ఓడ్చనట్టే. పని నిజమే, మనిషి నిజమే, కానీ నాగా పడుతుంది. నోటి అప్పుకు కూడా అదే గతి పడుతున్నది.

ఇల్లందు దగ్గర బొగ్గు జాడ దొరికింది 1871లో. సింగరేణి కాలరీస్ కంపెనీ అన్న పేరు వచ్చింది 1920లో. 1960ల మొదట్లో గోదావరి ఒడ్డున మన దగ్గర బాయిలు మొదలయ్యాయి. నెలనెలా జీతం వచ్చే చోటికి వడ్డీ వ్యాపారం దానంతట అదే నడిచి వస్తుంది. జీతం నగదుగా చేతికిచ్చిన రోజుల్లో అప్పులవాళ్ళు కౌంటర్ దగ్గరే కాపు కాసేవారని మా మేనమామ చెప్తాడు. ఇప్పుడు జీతం బ్యాంకులో పడుతుంది కనుక ఏటీఎం కార్డే తాకట్టు వస్తువు అయింది. కార్డు, దాని పిన్ నంబరు, సంతకం చేసిన ఖాళీ ప్రామిసరీ నోటు, ఖాళీ చెక్కు అన్నీ కలిపి ఒక కవరులో పెట్టి ఇవ్వాలి. "గిరిగిరి" అని పిలిచే రోజువారీ ఫైనాన్సు అయితే సైకిల్ మోటారు మీద ఒక పిల్లగాడు వచ్చి సాయంత్రానికల్లా వసూలు చేసుకుపోతాడు. పోలీసులు దాడులు చేసి ఇటువంటి నోట్లు, చెక్కులు, కార్డులు పట్టుకున్న వార్తలు మనం పేపర్లలో చదువుతూనే ఉన్నాం.

ఇక చట్టం ఏమంటున్నదో చూద్దాం. మన ఒప్పందాల చట్టం 1872 నాటిది. ఇద్దరు మనస్ఫూర్తిగా ఒప్పుకుని, చట్టం కాదనని పనికి, ఒక ప్రతిఫలం మీద మాట అనుకుంటే అది ఒప్పందమే. ప్రత్యేకంగా ఏ చట్టమైనా రాత ఉండాలని అడిగితే తప్ప కాగితం అక్కరలేదు. చేబదులుకు అట్లా అడిగే చట్టం లేదు. అదే 1872లో వచ్చిన సాక్ష్య చట్టం స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ సాక్ష్య అధినియమ్ అమలులోకి వచ్చింది. పేరు, సెక్షన్ల నంబర్లు మారాయి గానీ ఈ విషయంలో సూత్రం మారలేదు. పత్రంలో రాసి ఉన్నదాన్ని పత్రంతోనే చూపాలి, మిగతా సంగతులన్నీ నోటి సాక్ష్యంతో రుజువు చేయవచ్చు. ఇంతమంది సాక్షులు కావాలన్న లెక్క లేదు, నమ్మదగినవాడు ఒక్కడున్నా చాలు. అయితే ఆ ఒక్కడు స్వయంగా చూసినవాడు, విన్నవాడు అయి ఉండాలి. "మా బామ్మర్ది చెప్తే నాకు తెలిసింది" అన్న సాక్ష్యానికి విలువ లేదు.

ఎవరు రుజువు చేయాలి? అప్పు ఇచ్చానన్నవాడు ఇచ్చినట్టు చూపాలి. తీర్చానన్నవాడు తీర్చినట్టు చూపాలి. మనవాళ్ళు దెబ్బతినేది ఈ రెండో మాట దగ్గరే. "తీసుకున్న మాట నిజమే సార్, కానీ కట్టిన" అని కోర్టులో అన్న మరుక్షణం బరువు మన భుజం మీదికి వస్తుంది. అప్పుడు జడ్జి గారు చూసేది కన్నీళ్ళను కాదు. ఏ రోజు, ఎక్కడ, ఎవరి ముందు, ఏ పైసలతో కట్టావు? పత్తి అమ్మిన పైసలా, బోనస్ పైసలా? ఆ రోజు బ్యాంకు నుంచి తీసినట్టు పాస్‌బుక్‌లో ఉందా? ఆ తర్వాత అవతలివాడు ఏడాది పాటు అడగకుండా ఎందుకు ఊరుకున్నాడు? సివిల్ దావాలో అనుమానానికి అణువంత చోటు లేని రుజువు అడగరు. ఏ కథ ఎక్కువ నమ్మబుద్ధి అవుతుందో త్రాసు అటు మొగ్గుతుంది. కనుక చిన్న చిన్న వివరాలే నోటి మాటకు బలం. ఇదే పరీక్ష నోటి మాట మీద అప్పు ఇచ్చినవాడికి కూడా ఉంటుంది. అంత డబ్బు నీ దగ్గర ఎక్కడిదని అతన్నీ అడుగుతారు.

గడువు సంగతి కూడా తెలిసి ఉండాలి. 1963 లిమిటేషన్ చట్టం ప్రకారం, ఎప్పుడు తీర్చాలో విడిగా అనుకోని అప్పుకు ఇచ్చిన రోజు నుంచి 3 ఏళ్ళలోపు దావా వేయాలి. "ఇస్తనులే అన్నా" అని నోటితో ఎన్నిసార్లు ఒప్పుకున్నా గడువు పెరగదు. గడువు ముగిసేలోపు సంతకంతో రాసిచ్చిన ఒప్పుకోలు ఉండాలి, లేదా కొంత కట్టినట్టు కట్టినవాడి చేతిరాతో సంతకమో ఉండాలి. మా ఊళ్ళో వెయ్యి రూపాయలు జమ కట్టించుకుని నోటు వెనక సంతకం పెట్టించుకునేది ఇందుకే. అది దయ అనుకుని సంతకం పెట్టేవాళ్ళను నేను చూశాను.

వడ్డీ వ్యాపారి ఖాతా పుస్తకం తెరిచి చూపిస్తే మనవాళ్ళు భయపడిపోతారు. భయపడనక్కరలేదు. క్రమంగా రాసే లెక్కల పుస్తకం సాక్ష్యమే గానీ, అది ఒక్కటే చూపించి ఎవరి మీదా బాకీ మోపడానికి వీల్లేదని చట్టమే చెప్పింది. 1960లలో సుప్రీంకోర్టు గౌహతి బ్యాంకు కేసులో ఈ మాటే అన్నది. పద్దు వెనక వేరే ఆధారం కావాలి. ఒక బ్యాంకు పద్దుకే ఆ షరతు ఉంటే, ఎర్ర అట్ట పుస్తకంలో పెన్సిలుతో రాసుకున్న పద్దుకు ఎంత ఉండాలి!

ఖాళీ నోటు సంగతి వేరు. 1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం ప్రకారం, స్టాంపు అంటించిన ఖాళీ నోటు మీద సంతకం చేసి ఇచ్చినవాడు దాన్ని నింపుకునే అధికారాన్ని కూడా ఇచ్చినట్టు మొదట భావిస్తారు. ఆ స్టాంపుకు ఎంత మొత్తం చెల్లుతుందో అంతవరకు రాసుకోవచ్చు. అంటే ఏమిటి? సంతకం పెట్టిన క్షణాన అప్పులవాడు మన తరఫున రాసే మనిషి అయిపోతాడు. మన చేయి అతని చేతికి ఇచ్చి వస్తున్నాం. పైగా నోటు ఉంటే ప్రతిఫలం ముట్టిందనే కోర్టు మొదట అనుకుంటుంది. కాదని చూపడం మన పని.

అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. 1961లో సుప్రీంకోర్టులో జస్టిస్ కోకా సుబ్బారావు గారు, మన తెలుగువారే, తర్వాత 1966లో దేశ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు, ఒక తీర్పులో ఈ చిక్కు విప్పారు. నోటు మీద వచ్చే ఆ భావన చివరి మాట కాదు, పరిస్థితులతో దాన్ని తిప్పికొట్టవచ్చు. లెక్కల పుస్తకాలు తన దగ్గర పెట్టుకుని కోర్టుకు చూపని వ్యాపారి విషయంలో, చూపితే అవి అతనికే ఎదురు తిరిగేవని కోర్టు అనుకోవచ్చు. కనుక "పుస్తకం తెప్పించండి" అని అడగడం ముద్దాయి చేతిలో ఉన్న ఆయుధం. తెలంగాణ ప్రాంతానికి 1349 ఫసలీ నాటి మనీ లెండర్స్ చట్టం కూడా ఉంది. వడ్డీ వ్యాపారమే వృత్తిగా పెట్టుకున్నవాడు లైసెన్సు లేకుండా దావా వేస్తే నిలవదు. ఎప్పుడో ఒకసారి చేబదులు ఇచ్చిన పక్కింటివాడికి అది వర్తించదు. ఇతను పదిమందికి తిప్పే వ్యాపారి అని చూపేవాళ్ళు కావాలి.

ఇప్పుడు అసలు ముడికి వస్తాను. మన ఊళ్ళలో అప్పు ఇచ్చేవాడి ముఖం చాలామంది చూసి ఉండరు. వచ్చేది గుమస్తా, వసూలు చేసేది గుమస్తా. అతని చేతికి ఇస్తే యజమానికి ఇచ్చినట్టేనా?

మా ఇంట్లో జరిగింది చెప్తాను. మాది పత్తి, వరి పండించే ఇల్లు. విత్తనాలు, ఎరువులు ఉద్దెరకు, కూలీలకు కొంత నగదు, అన్నీ పట్నంలో ఒక దుకాణం నుంచి వచ్చేవి. ఐదారేళ్ళు ఒకే గుమస్తా చేతి సంచితో ఊళ్ళోకి వచ్చేవాడు. పంట అమ్మినాక బాపు అతనికే కట్టేవాడు, అతను పుస్తకంలో రాసుకునేవాడు, మరుసటి ఏడు దుకాణం మళ్ళీ ఉద్దెర ఇచ్చేది. ఒక ఏడు రెండు విడతల్లో 38,000 రూపాయలు అట్లాగే కట్టాడు. ఉగాది ముందు వేరే మనిషి వచ్చి బాకీ అట్లాగే ఉందన్నాడు. దుకాణం యజమాని, "వాడు సంక్రాంతికే మానేసిండు, వాడు మా మనిషి కాదు" అన్నాడు. పెద్దమనుషులు కూర్చుని చెరి సగం అన్నారు. బాపు 19,000 రూపాయలు రెండోసారి కట్టాడు. కోర్టుకు పోదామంటే, "ఇంకో పంట పోతది బిడ్డా" అన్నాడు. ఆ డబ్బు మా చెల్లె హాస్టలు ఫీజుకని దాచిపెట్టింది. ఆమె ఆ ఏడాది ఇంటి దగ్గరే ఉండిపోయింది.

పంచాయితీలో అందరూ గుమస్తా దొంగా కాదా అని వాదించారు. చట్టం అడిగే ప్రశ్న అది కానే కాదు. ఒప్పందాల చట్టం ప్రకారం ఒకరిని తన మనిషిగా పెట్టుకోవడానికి కాగితం అక్కరలేదు. జీతం కూడా అక్కరలేదు. మాటతో పెట్టుకోవచ్చు, నడవడితో కూడా ఆ అధికారం ఏర్పడుతుంది. యజమాని తన మాటలతోనో చేతలతోనో ఇతను మావాడే అని ఎదుటివాణ్ణి నమ్మిస్తే, తర్వాత నేను చెప్పలేదంటే కుదరదని 237వ సెక్షన్. అధికారం తీసివేసినా, ఆ సంగతి ఎదుటివాడికి తెలిసేదాకా అతని విషయంలో తీసివేసినట్టు కాదని 208వ సెక్షన్. కనుక అడగవలసిన ప్రశ్న ఒక్కటే: అతను మానేసిన సంగతి మాకు ఎవరైనా చెప్పారా?

అది రుజువు చేయడానికి ఏం కావాలి? "నేను ఫలానావారి మనిషిని" అని గుమస్తా మనతో బయట అన్న మాట ఒక్కటి సరిపోదు. ఎవరైనా అట్లా చెప్పుకోవచ్చు గదా. యజమాని నడవడి చూపాలి. వెనకటి ఏళ్ళలో ఇదే గుమస్తాకు కట్టిన డబ్బు దుకాణం లెక్కలో జమ అయిందని చూపాలి. ఊళ్ళో ఇంకో నలుగురు రైతులు మేమూ ఇతనికే కట్టేవాళ్ళమని చెప్పాలి. దుకాణం పేరున్న పుస్తకం అతని చేతిలో ఉండేదని, ఫలానా రోజు మా మనిషి వస్తాడని యజమాని ఫోను చేశాడని చెప్పాలి. ఇవన్నీ మా ఊళ్ళో ఉన్నాయి. ఇదంతా సాక్ష్యమని పంచాయితీలో చెప్పినవాళ్ళే లేరు.

ఏజెంటు విషయంలో నమ్మకం ఎప్పుడు నిలుస్తుందో, ఎప్పుడు నిలవదో రెండు సుప్రీంకోర్టు కేసులు పక్కపక్కన పెడితే తెలుస్తుంది. 1997లో తీర్పు వచ్చిన కేసులో ఒక ఎల్ఐసీ పాలసీదారు ప్రీమియం ఏజెంటు చేతికిచ్చాడు. ఏజెంటు సకాలంలో కట్టలేదు, ఈలోగా పాలసీదారు చనిపోయాడు. ప్రీమియం వసూలు చేయవద్దని ఎల్ఐసీ నిబంధనలే ఏజెంట్లకు చెప్తున్నాయి కనుక, సంస్థ అధికారం ఇచ్చినట్టు నమ్మించిందని చూపలేదు కనుక, ఏజెంటుకు ఇచ్చింది ఎల్ఐసీకి ఇచ్చినట్టు కాదని కోర్టు అన్నది. 1999లో ఢిల్లీ విద్యుత్ సంస్థ కేసు వచ్చింది. అక్కడ జీతంలోంచి ప్రీమియం కోసి కట్టే పథకంలో యాజమాన్యం డబ్బు చేర్చలేదు. ఆ పథకాన్ని ఎల్ఐసీయే యాజమాన్యం ద్వారా నడిపించింది గనుక యాజమాన్యం దాని ఏజెంటే, ఉద్యోగి కుటుంబానికి నష్టం జరగరాదని తీర్పు వచ్చింది. మొదటి కేసులో ఆ మనిషిని ముందుకు తోసింది పెద్ద సంస్థ కాదు, రెండో కేసులో సంస్థే. జీతంలో కోతలు పడే ప్రతి కార్మిక కుటుంబం ఈ తేడా తెలుసుకోవాలి.

"ఇదంతా పుస్తకాల్లో బాగుంటుంది. రసీదు అడిగితే రేపటి నుంచి అప్పు పుట్టదు" అని మిత్రులు అనవచ్చు. బిడ్డ పెండ్లి పెట్టుకున్నవాడు, దవాఖానలో తల్లిని పెట్టుకున్నవాడు షరతులు పెట్టలేడు. ఒప్పుకుంటాను. మాట మీద నడిచే లోకమే మంచిదని వాదించేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళకు తెలంగాణ చరిత్ర ఒకటే జవాబు. భగేలా అంటే ఏమిటి? తాత తీసుకున్న కొద్దిపాటి అప్పుకు మనుమడు కూడా దొర ఇంట్లో పాలేరుగా ఉండడం. ఎంత తీసుకున్నారో, ఎంత తీరిందో దొర నోట్లోంచి వచ్చిన మాటే లెక్క. నిజాం ప్రభుత్వం కూడా చివరికి 1943లో భగేలా ఒప్పందాలను అదుపు చేసే రెగ్యులేషన్ తేవలసి వచ్చింది. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చింది. అందులో ఒక గొప్ప మాట ఉంది. ఇది వెట్టి అప్పు అని కూలీ అంటే, కాదని రుజువు చేసే భారం అప్పు ఇచ్చినవాడి మీదే ఉంటుంది.

బలహీనుడి జ్ఞాపకం మీద అంత బరువు మోపరాదని చట్టం ఒకసారి ఒప్పుకున్నది. ఆ సూత్రాన్ని ఇంకొంచెం ముందుకు తీసుకుపోవాలని నా వాదన. వడ్డీ వృత్తిగా చేసేవాడి దగ్గర ఖాళీ నోటు, ఖాళీ చెక్కు, కార్మికుడి ఏటీఎం కార్డు దొరికితే, ఎంత ఇచ్చాడో ఎంత ముట్టిందో చూపే భారం అతని మీదే పెట్టాలి. లెక్క రాసుకునే తీరిక, పుస్తకం, గుమస్తా ఉన్నది అతనికే గదా!

చట్టం మారేదాకా చేతులు ముడుచుకుని కూర్చోనక్కరలేదు. అప్పులవాడు రసీదు ఇవ్వకపోయినా మన ఇంట్లో నోటుపుస్తకం ఉంచుకోవచ్చు. కట్టిన రోజే తేదీ, మొత్తం, తీసుకున్న మనిషి పేరు, పక్కనున్న వాళ్ళ పేర్లు రాయాలి. అది ఒక్కటే కేసు గెలిపించదు, కానీ సాక్షి జ్ఞాపకానికి ఊతం అవుతుంది. ఫోన్‌పేలో కడితే వసూలుకు వచ్చిన పిల్లగాడి నంబరుకు కాకుండా యజమాని నంబరుకే కట్టి, "అప్పు వాయిదా" అని రెండు ముక్కలు రాయాలి. పైసలు పోయినట్టు ఫోను చెప్తుంది, ఎందుకు పోయాయో మనం చెప్తేనే తెలుస్తుంది. కొత్త మనిషి వసూలుకు వస్తే యజమానిని అడిగాకే ఇవ్వాలి.

ఇంకొకటి. 1987 లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం ప్రకారం ఉచితంగా వకీలును పొందే హక్కు మహిళలకు, ఎస్సీ ఎస్టీలకు ఉన్నట్టే పారిశ్రామిక కార్మికులకూ ఉంది. బొగ్గుబాయి కార్మికుడూ ఆ జాబితాలోకి వస్తాడు. ఈ సంగతి మన కాలనీల్లో ఎంతమందికి తెలుసు?

విద్యార్థి సంఘానికి నా మనవి ఇది. ఏటా క్రీడోత్సవాలు జరుపుతున్నాం, సావనీరు వేస్తున్నాం. వారానికి ఒక సాయంత్రం, మొదటి షిఫ్టు దిగి వచ్చే వేళకు, కాలేజీ వరండాలో ఒక బల్ల వేద్దాం. చదువు రాని రైతుకు, తీరిక లేని కార్మికుడికి ఎప్పుడు ఎంత కట్టారో రాసిపెడదాం. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టే ముందు చదివి చెబుదాం. అవసరమైతే జిల్లా న్యాయసేవా సంస్థకు దరఖాస్తు రాసి ఇద్దాం. దీనికి లా డిగ్రీ అక్కరలేదు, పెన్నూ ఓపికా ఉంటే చాలు. మన తల్లిదండ్రులు పొలంలో, బాయిలో చెమటోడ్చి మనకు నేర్పించింది రాయడమే. వాళ్ళు కట్టిన ప్రతి రూపాయికి మస్టర్ వేసే పని మనమే ఎత్తుకుందాం.